తక్కువ అంకెవాడిదే మునక

అమావాస్యకు పదకొండు రోజులు

పెద్దతూము దినచర్య పుస్తకం. రాసేది తీతు, బి.ఎస్సీ., నాడి గుమాస్తా, అవివాహితుడు. చివరి ముక్క రాయాలని నిబంధనల్లో లేదు. కానీ ఈ పుస్తకం రేపు ఎవరి చేతిలో పడుతుందో ఎవరికి తెలుసు.

సముద్రం వెనక్కి తీసే పాటు మొదలయ్యేసరికి మునకవాళ్ళు ఏడుగురూ తూము గట్టు మీద వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరే వచ్చి ఇనప రేకు మీద అరచెయ్యి పెడతారు. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో రేకు చెబుతుంది. నేను ఆ అంకెను సుద్దముక్కతో పలక మీద రాస్తాను. బి.ఎస్సీ. చదివింది ఇందుకే. ఎవరి అంకె అందరికంటే తక్కువో ఆ రోజు మొదటి మునక వాళ్ళది. నిదానపు గుండె ఊపిరిని మెల్లగా వాడుతుందని, కింద ఎక్కువసేపు నిలబడనిస్తుందని మా వాళ్ళ లెక్క. తూము తలుపు గాడిలో ఇరుక్కున్న గుర్రపుడెక్కనీ చిరిగిన వలల్నీ కోసి లాగాలంటే రెండు నిమిషాలైనా ఉండాలి మరి. ఈ పనికి పైవాళ్ళు పంపిన యంత్రాలు మూడున్నాయి. ప్రస్తుతం మూడింటిలోనూ కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

తూము తెరుచుకోకపోతే ఊళ్ళో వాననీరు బయటికి పోదు. మూసుకోకపోతే సముద్రం లోపలికొస్తుంది. పల్లపుపేట బతుకు మొత్తం ఈ రెండు వాక్యాలే.

ఈరోజు మొదటి మునక మా బావ ఏలియాది. 52. మునిగి, కోసి, పైకొచ్చి, చీమైనా కుట్టనట్టు మొహం పెట్టాడు. మధ్యాహ్నం చేప తలకాయ ఆయనకే. మొదటి మునకవాడికి తూము పెద్ద తన చేత్తో తలకాయ వడ్డించడం ఇక్కడి మర్యాద. తూము పెద్ద రాహేలమ్మ గారు. బావకి తల్లి, మా అక్క మార్తకి అత్తగారు, నాకు అత్త, ఊరికి భయం.

"నీదెంతరా?" అన్నాడు బావ ముల్లు చప్పరిస్తూ.

చెయ్యి పెట్టాను. 94.

"ఒరే తీతూ, నీ గుండెని ఎవరింటి కుక్క తరువుతాందిరా?"

"నీ మొహం చూసి పరిగెడుతోంది బావా."

ఇతర విశేషాలు: వానలకి కన్నాల్లోంచి బయటపడ్డ ఎలుకలన్నీ తూము ఇంట్లో కాపురం పెట్టాయి. జనాభా లెక్కలు తీస్తే మేమే మైనారిటీ.


అమావాస్యకు తొమ్మిది రోజులు

బావ 47. ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, ఇది రికార్డు. అత్త తన రోజుల్లో 48 దాకా వచ్చిందట. ఆ అంకె నేటికీ తూము ఇంటి గోడ మీద ఎర్రరంగుతో ఉంది. ఈరోజు ఆవిడే నిచ్చెన వేసుకుని దాని కింద 47 రాసి, దిగి, కొడుకు తల నిమిరింది. ఆవిడ ఎవరి తలైనా నిమరడం నేను చూడ్డం ఇదే మొదలు.

గట్టు మీద జనం చప్పట్లు కొట్టారు. అక్క కొట్టలేదు. నన్ను పక్కకి పిలిచింది.

"మీ బావకి మూడ్రోజుల్నించి ఒళ్ళు కాలిపోతాందిరా. పిక్కలు ముట్టుకుంటే కేకలేత్తన్నాడు. కళ్ళు సూడు, సింతనిప్పుల్లాగున్నాయి."

"ఉప్పునీళ్ళలో తేలేవాళ్ళకి కళ్ళు ఎర్రబడక నీలంగా ఉంటాయా అక్కా? కాళ్ళకి తెడ్లు కట్టుకుని ఈదితే పిక్కలు పీకవా?"

"నీ సదువు తగలెయ్య. జొరవో?"

"ఎండ."

ఈ సమాధానం చెప్పినప్పుడు ఎండ లేదు. నెల నుంచీ లేదు. అక్క నావైపు చూసిన చూపు కూడా ఇక్కడ నమోదు చేస్తున్నాను. దినచర్య నిజాయితీగా ఉండాలి గదా.


అమావాస్యకు ఏడు రోజులు

బావ 42.

భోజనాల దగ్గర చూరులోంచి నీటిపాము ఒకటి సరిగ్గా అన్నం గిన్నె మీద పడింది. ఆరడుగుల గిద్యోను (మునకలో బావ తరవాత బావంతటివాడు) బల్లెక్కి తల్లిని తలుచుకున్నాడు. నేను ఎక్కడున్నానో రాయను. కిటికీ బయట అని మాత్రం రాస్తాను. బావ ఒక్కడే కదల్లేదు. పాముని తోక పట్టుకుని లేవదీసి, చూసి, కాలవలోకి విసిరి, అన్నం కలుపుకున్నాడు.

"అదిరా గుండంటే!" అంది అత్త. "ఏదీ, రేకు తెండి."

నాది 121. గిద్యోనుది 60. ఎంత బెదిరినా అరవైయేనా అని అందరూ మెచ్చుకున్నారు. బావది 42. పొద్దున 42, పాము పడ్డాక 42, మళ్ళీ చూస్తే 42. రేకు పాడైందేమోనని మూడుసార్లు తుడిచాను.

అందరూ నవ్వుతున్నారు. బావ కూడా నవ్వుతున్నాడు. కానీ పై పెదవి మీద చెమట. కాలేజీలో నాకు వంట్లోని అవయవాల పేపర్లో వచ్చినవి నలభై మార్కులే. అయినా అంతమాత్రం గుర్తుంది. మనిషి బెదిరితే గుండె ఉరకాలి. మనిషి బెదిరాడు. మరి గుండెకి కబురు ఎందుకు అందలేదు?

చేప తలకాయ బావ తినలేదు. పిల్లికి వేశాడు.


అమావాస్యకు ఆరు రోజులు

తూము మెట్ల మీద బావ పడిపోయాడు. నాచుకి జారాడని మిగతా ఆరుగురూ తీర్మానించారు. జారిన మనిషి చేతులు చాపుతాడు. నేను వెనకే ఉన్నాను, చూశాను. చేతులు చాపలేదు. తాడు కోసేసిన బస్తాలాగా ఉన్నచోట కూలాడు. నాలుగు క్షణాలకి కళ్ళు తెరిచి "ఏటైంది?" అన్నాడు.

థర్మామీటరు పెట్టాను. నూట రెండున్నర. రేకు మీద చెయ్యి పెట్టించాను. 39.

వైర్‌లెస్‌లో ఆసుపత్రి లాంచీని పట్టుకోవడానికి గంట పట్టింది. డాక్టరు పరిమళ గారు దొరికారు. నేను గౌరవనీయ అని మొదలుపెట్టాను. ఆవిడ ఆపి, సంగతి చెప్పమన్నారు. చెప్పాను.

"జ్వరం నూట రెండు, నాడి ముప్ఫై తొమ్మిదా? సరిగ్గా చూశారా?"

"మూడుసార్లండి."

"కళ్ళు ఎర్రగా ఉన్నాయా? పిక్కల నొప్పా?"

నేనేమీ చెప్పకుండానే ఆవిడ ఇవి అడిగారు. రెండింటికీ అవునన్నాను.

"అక్కడ ఎలుకలున్నాయా?"

"ఎలుకల దగ్గర మేం అద్దెకుంటున్నామండి."

ఆవిడ నవ్వలేదు. ఎలుక జ్వరం అన్నారు. ఎలుకల ఉచ్చలో ఉండే సూక్ష్మజీవి నిలవనీళ్ళలోకి చేరి, కాళ్ళ పగుళ్ళలోంచీ దెబ్బల్లోంచీ వంట్లోకి దూరుతుందట. చాలామందికి జ్వరంతో పోతుంది. కొందరికి కాలేయాన్నీ మూత్రపిండాల్నీ పడుతుంది. కొందరికి గుండె కండరమే వాస్తుంది. గుండె పై గదులు కొట్టుకోమని పంపే కబురు కింది గదులకి అందదు. అప్పుడు కింది గదులు వాటికి తోచినట్టు, మెల్లగా, ముప్ఫయ్యో నలభయ్యో కొట్టుకుంటూ పోతాయి. ఎప్పుడైనా ఆగవచ్చు.

"అది నిదానం కాదు తీతు గారూ. దారి తెగిపోవడం. ఆయన్ని నీళ్ళలోకి దింపకండి. మీ మందుల పెట్టెలో డాక్సీసైక్లిన్ ఉంటుంది, ఇప్పుడే మొదలుపెట్టండి. గుండెకి తీగ వేసి యంత్రంతో కొట్టించాల్సి రావచ్చు. అది లాంచీలోనే ఉంది. అమావాస్య పాటుకి మీ తూము దగ్గరుంటాం. తలుపు తెరిచి ఉండాలి." తరవాత అడిగారు, "ఆ రేకు యాభై లోపు పడితే కూత కూయాలే, కూయలేదా?"

కూసేది. ఉద్యోగంలో చేరిన వారంలోనే దాని తీగ పీకేశాను. మునకవాళ్ళకి అడపాదడపా నలభై తొమ్మిది పడేది. అది కూసినప్పుడల్లా కోళ్ళు బెదిరి గుడ్లు పెట్టడం మానేసేవి. అత్త విసుక్కుంటే, అత్త దగ్గర మెప్పు కోసం చేసిన పని.

"లేదండి. నేనే ఆపాను," అన్నాను.


అమావాస్యకు అయిదు రోజులు

అత్తకి చెప్పాను. నిలబడి చెప్పాను, కూర్చుని చెప్పాను, డాక్టరు గారి గొంతు అనుకరించి కూడా చెప్పాను.

"జబ్బా?" అంది. "ముప్పై తొమ్మిది నా కొడుక్కి జబ్బంట! ఆ అంకె రాక ఏడిసేవోళ్ళు సానామంది ఉన్నారులే. అందులో నువ్వొకడివి, తొంబై నాలుగోడా."

"అత్తా, పడిపోయాడు. నేను చూశాను."

"నాసు."

"ఒళ్ళు కాలిపోతోంది."

"అమాస ముందర తలుపు బిగుసుకుపోయుంది. వానలకి కాలవ గట్టెక్కతంది. అమాస పోటొస్తే ఊరు మునుగుద్ది. ఆడు దిగాపోతే ఎవుడు దిగుతాడు? నువ్వా?"

గుమాస్తా చేతిలో ఒక సుద్దముక్క మాత్రం ఉంది. వరసలో బావ చెయ్యి పెట్టాడు. రేకు 37 అంది. నేను అడ్డంగా నిలబడి పలక మీద 83 రాశాను.

బావ పలక చూశాడు, నన్ను చూశాడు. అబద్ధమని ఆయనకి తెలుసు. రేకు ఆయన చేతి కిందే ఉంది.

"ఏంట్రా ఇది?" అన్నాడు మెల్లగా. "అందరి ముందూ నన్ను పిరికోణ్ణి సేత్తావా?"

"అవును బావా."

నా చెంప పగిలింది. నా జీవితంలో బావ నన్ను కొట్టడం ఇదే మొదలు. కొట్టిన ఆయాసానికే గోడ పట్టుకుని కిందికి జారి కూర్చున్నాడు. అక్క వచ్చి భుజం కింద చెయ్యి వేసి ఇంటికి తీసుకుపోయింది.

మొదటి మునక గిద్యోనుకి పోయింది. 44. రాసి, ఆ అంకె వైపు చూస్తూ ఉండిపోయాను. గిద్యోను నెలకింద 63. పలక తుడిచేస్తాం గానీ ఈ పుస్తకంలో అన్నీ ఉంటాయి. వెనక్కి తిప్పాను. ఏడుగురివీ వేలు పెట్టి చదివాను. ముగ్గురివి ఎప్పటిలాగే ఉన్నాయి. నాలుగు పేర్ల పక్కన అంకెలు మెట్లు దిగినట్టు దిగుతున్నాయి. బావ ఒక్కడే కాదు. నా చేతిరాతతో, గుండ్రటి అంకెలతో, పక్కన 'భేష్' అని నేనే రాసుకున్న వ్యాఖ్యలతో.

మా ఊరికి ఇంత మంచి మునకల కాలం ఎప్పుడూ రాలేదని మొన్ననే అందరూ మురిసిపోయారు.


అమావాస్యకు మూడు రోజులు

దిగొద్దన్న నా మాట గిద్యోను వినలేదు. దిగాడు. నిమిషం, నిమిషమున్నర. రెండు నిమిషాలకి తాడు ఊపాలి. ఊపలేదు. తాడు లాగాం. బరువుగా వచ్చింది. పైకి లాగి బోర్లా తిప్పి వీపు చరిస్తే నీళ్ళు కక్కి ఊపిరి తీసుకున్నాడు. కింద కళ్ళు చీకట్లు కమ్మాయట. కత్తి ఎప్పుడు జారిందో తెలీదన్నాడు.

అత్త గట్టు మీదే నిలబడి ఉంది. గిద్యోను మొహం చూసింది. తూము ఇంటి గోడ మీద 47 చూసింది. తరవాత నా పుస్తకం అడిగింది. ఆవిడకి చదువు అంతంతమాత్రం. అయినా అంకెలు వచ్చు. చివర పేజీ దాకా చూసి మూసింది.

"ఏలియాది ఇయ్యాల ఎంత?"

"ముప్ఫై రెండు అత్తా."

గోడ దగ్గరికి వెళ్ళి కొంగుతో 47 తుడవబోయింది. రంగు ఎండిపోయింది. పోలేదు. గోరుతో గీకింది. చేతులు పట్టుకుని ఆపాల్సొచ్చింది.


అమావాస్యకు ఒక రోజు

బావ మంచం మీద ఉన్నాడు. లేచి కూర్చుంటే కళ్ళు తిరుగుతున్నాయి. మాత్రలు మూడు పూటలు వాంతయ్యాయి, మిగిలినవి నిలిచాయి. 31. గుండె కొట్టుకోవడం బయటికి కనిపిస్తోంది, మెడ దగ్గర. ఒకటి కొట్టాక రెండోది వచ్చేదాకా నేనూ అక్కా ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. వస్తుంది. మళ్ళీ చూస్తాం.

"సెంప నొప్పిగుందా?" అన్నాడు.

"నీ దెబ్బకి అంతుందా బావా. దోమ వాలిందనుకున్నాను."

నవ్వాడు. నవ్వు మధ్యలో ఒక దెబ్బ రాలేదు. ఆయన మొహంలో రంగు పోయి మళ్ళీ వచ్చింది. అక్క ఆయన కాళ్ళు గట్టిగా పట్టుకుంది, కాళ్ళు పట్టుకుంటే గుండె ఆగదన్నట్టు.

"ఒరే," అన్నాడు బావ, "భయవేత్తందిరా. కానీ భయం రావట్లేదు. లోపల ఏదీ కొట్టుకోదు. ఊరకే తెలుత్తంది, అంతే."

ఇంతకు మించి భయంకరమైన మాట ఎవరి నోటా నేను వినలేదు. ఆయన వంతు కూడా కలిపి నా గుండె 110 కొట్టింది.


అమావాస్య

పొద్దున్న గట్టు మీద అత్త కొత్త నిబంధన ప్రకటించింది. ఈరోజు ఎక్కువ అంకె ఉన్నవాళ్ళే దిగాలి. జనం మొహమొహాలు చూసుకున్నారు. బాగున్న మునకవాళ్ళు ముగ్గురు ముందుకొచ్చారు. అది చాలదు. తలుపు అంతలా బిగుసుకుంది. మిగతావాళ్ళం వాళ్ళు చూపించినట్టు ఇరవై లెక్కపెట్టేంతసేపు దిగి పైకి రావాలి. తిరిగి ఇంకొకరు దిగాలి. నడుముకి తాడు, కాళ్ళకి బూట్లు, వంటి మీద దెబ్బ ఉన్నవాళ్ళు వద్దు, దిగేముందు ఒక్కో మాత్ర. డాక్టరు గారు వైర్‌లెస్‌లో చెప్పినవి చెప్పినట్టు చదివాను.

"ముందెవుడు?" అంది అత్త.

రేకు పెట్టాం. వడ్రంగి 98. బడిపంతులు 104. కోళ్ళ మంగమ్మ 109. నేను 132.

పదిమంది వెనక్కి తిరిగి నావైపు చూశారు. చరిత్రలో మొదటిసారి పలక మీద నా పేరు మొదట ఉంది.

నీళ్ళు కాఫీరంగులో ఉన్నాయి. తల ముంచగానే చెవుల్లో చప్పుడంతా నాదే. ఢక్ ఢక్ ఢక్ ఢక్. గాడిలో చెయ్యి పెట్టాను. మెత్తగా ఏదో తగిలింది. చచ్చిన ఎలుకో, వేరో, చూడలేదు. వల దొరికింది. కోశాను. ఏడు. ఎనిమిది. పదకొండు దగ్గర ఊపిరి అయిపోయింది. ఇరవై దాకా ఉన్నానని పైన చెప్పాను. మంగమ్మ దిగింది, ఇరవై అయిదు ఉంది. వడ్రంగి దిగాడు. పంతులు గారు దిగి ఒక చెప్పు తెచ్చారు. నేను మళ్ళీ దిగాను. పధ్నాలుగు సార్లు నేను, మొత్తం అరవైకి పైగా మునకలు. ఒక్కొక్కరం ఒక్కో గుప్పెడు.

పాటు సగం పోయాక తలుపు కీచుమంది. పైకి లేచింది. కాలవ నీళ్ళు ఒక్కసారిగా బయటికి ఉరికాయి. వాటికి ఎదురుగా, ఎర్ర గుర్తుతో, మెల్లగా లాంచీ.

బావని ఇంటి తలుపు చెక్క మీద మోసుకెళ్ళాం. డాక్టరు గారు మెడ పక్కనుంచి సన్నటి తీగ దింపారు. నేను తల తిప్పుకుని యంత్రం మీది అంకెనే చూశాను. 29. 29. తరవాత 70.

డెబ్బై అలాగే నిలబడింది. బావ పెదవులకి రంగు వచ్చింది.

"ఎంత?" అన్నాడు.

"డెబ్బై."

"సీ," అన్నాడు కళ్ళు మూసుకుని. "పరువు పోయింది."

అక్క ఏడవడానికి అప్పుడు తీరిక చేసుకుంది.


అమావాస్య వెళ్ళిన రెండో రోజు

బావ, గిద్యోను, మిగతా ఇద్దరూ లాంచీలోనే ఉన్నారు. కండరం వాపు తగ్గితే బావకి దారి మళ్ళీ తెరుచుకోవచ్చని, తగ్గకపోతే యంత్రం వంట్లోనే ఉండిపోవాలని డాక్టరు గారు అన్నారు. ఈరోజు పాటుకి నలుగురినీ తీసుకుని పట్నం వెళ్తారు. అక్క కూడా.

పొద్దున్న ఊరంతటికీ రేకు పరీక్ష. కూత తీగ మళ్ళీ కలిపాను. జనం వచ్చే తీరు చూసి నాకు అనుమానం వచ్చింది. ఒకడు దారిలో గుంజీలు తీస్తున్నాడు. ఒకావిడ మెట్లు రెండుసార్లు ఎక్కి దిగింది. మొన్నటిదాకా తక్కువ అంకె కోసం ఊపిరి బిగబట్టినవాళ్ళు, ఇప్పుడు ఎక్కువ పడాలని ఆయాసం తెచ్చుకుని వస్తున్నారు. పట్నం తీసుకుపోతారని భయం. తీగ వేస్తారని భయం. నేను అరిచాను, బతిమాలాను, అందరినీ పావుగంట కూర్చోబెట్టి అప్పుడు చూశాను. ఒక్కొక్కరివీ తగ్గి మామూలుకొచ్చాయి. బాగానే ఉన్నారు.

చివర అత్త వచ్చింది. గట్టు ఆ చివరనుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది, అరవై ఏళ్ళ మనిషి, కొంగు జారిపోతున్నా పట్టించుకోకుండా. రొప్పుతూ, కూర్చోమన్నా కూర్చోకుండా, రేకు మీద చెయ్యి పెట్టింది. దగ్గరగా చూస్తే కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చి అనుకున్నాను.

రేకు కూత కూసింది.

43.

"మళ్ళీ సూడరా. అంత దూరం నించి పరిగెత్తుకొచ్చాను గదా."

మళ్ళీ చూశాను. 43.

చెయ్యి తీయలేదు. ఆ అంకె వైపే చూస్తూ నిలబడింది. కోళ్ళు అరుస్తున్నాయి. కూత ఆపాలని కూడా నాకు తోచలేదు.

"నలబై మూడు," అంది చిన్నగా. "మంచి నెంబరేగా తీతూ? నాకెప్పుడూ రాలేదు."

గోడకవతల లాంచీ ఇంజను మొదలైంది. పాటుకి ఇంకా గంట ఉంది. కేక పెట్టాను, ఆపమని. తరవాత ఎక్కమంటూ ఆవిడ ముందు వీపు వంచి కూర్చున్నాను. మా అత్త మొదటిసారి నా మాట విని, నా వీపెక్కింది.

లాంచీ దాకా నూట ఎనభై అడుగులు. ఆవిడ గుండె నా వీపుకి ఆనుకుని ఉంది. దెబ్బ దెబ్బకీ మధ్య నేను రెండడుగులు వేశాను. కొన్నిసార్లు మూడు.